గీత దాటాక వినిపించిన ఊపిరి

గుర్రప్పందేల పేజీ నా చేతికి వచ్చేనాటికి నేను దగ్గరగా చూసిన గుర్రాలు బీచ్ రోడ్డులో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగేవే. వాటిలో ఒకటి మా అమ్మాయి చేతిలోని మొక్కజొన్న పొత్తు లాక్కుని తినేసింది కూడా. గుర్రాల గురించి నాకున్న అనుభవం అంతవరకే. అలాంటిదాన్ని, ఒక తెలుగు దినపత్రిక విశాఖ ఎడిషన్‌లో ఏళ్ల తరబడి ఏ గుర్రం గెలుస్తుందో రాశాను.

ఈమధ్య జర్నలిజం చదువుతున్న పిల్లలు నన్ను మాట్లాడమని పిలిచి, మీ ఉద్యోగంలో మరిచిపోలేని రోజు ఏది మేడం అని అడిగారు. ఏ తుపానో, ఏ ఎన్నికల రాత్రో చెబుతాననుకుని ఉంటారు. నేను గుర్రం కథ చెప్పాను. మొదట నవ్వారు గాని, చివరిదాకా ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. ఆ కథే ఇక్కడా చెబుతున్నాను. డెస్కులో ఎవరికీ అక్కర్లేని పేజీ ఒకటి మీ నెత్తిన పడితే, అది పడ్డందుకు ఏడవకండి అని చెప్పడానికే.

మాది కృష్ణా జిల్లా. మావారికి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం రావడంతో తొంభైల మొదట్లో విశాఖ వచ్చాం. నేను డిగ్రీలో లెక్కలు చదువుకుని, తెలుగు రాయడం మీద సరదాతో పత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరాను. రేసుల పేజీ చూసే ఆయన ఒకరోజు చెప్పాపెట్టకుండా వేరే పత్రికకి వెళ్లిపోయాడు. మా న్యూస్ ఎడిటర్ గోదావరి మనిషి. ఎంత ముంచుకొచ్చినా తాంబూలం నములుతూ నింపాదిగా మాట్లాడేవాడు. డెస్కంతా ఒకసారి కలయజూసి నా దగ్గర ఆగాడు.

"అమ్మాయ్, నువ్వు లెక్కలు చదివావు కదూ?"

"చదివానండీ."

"గుర్రాలు కూడా లెక్కలే. రేపట్నుంచి ఆ పేజీ నీది."

పేజీ మీద ఒక కలం పేరు ఉండేది. మగపేరు. పేజీతోపాటు అదీ నాకు సంక్రమించింది.

విశాఖలో రేసులు జరగవు. హైదరాబాదులో గుర్రాలు పరిగెత్తేవి, మన ఊళ్లో పందేలు కాసేవారు. పోర్టు వైపు ఒక పాత గోడౌన్‌ని హాలుగా మార్చి కౌంటర్లు పెట్టారు. గోడకి ఎత్తుగా బిగించిన టీవీలో పందెం కనిపించేది. పోర్టు కళాసీలు, స్టీల్ ప్లాంటులో షిఫ్టు దిగి తిన్నగా వచ్చినవాళ్లు, జాలరిపేట బోటు యజమానులు, ఇద్దరు ముగ్గురు ప్లీడర్లు, అందరి చేతుల్లోనూ నాలుగు మడతలు పెట్టిన మా పేజీ. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిశాయి. మొదట్లో నాకు తెలిసింది ఒక టెలిఫోను, అందులో ఒక గొంతు మాత్రమే.

ఆ గొంతు మా హైదరాబాద్ ట్రాక్ రిపోర్టరుది. ఒకప్పుడు జాకీగా గుర్రాలు తోలినవాడు. కిందపడి కాలు విరగడంతో ఆ పని మానేసి, స్టాప్‌వాచ్ పట్టుకున్నాడు. పందెం గుర్రానికి పరీక్ష ఆదివారం మధ్యాహ్నమే అయినా చదువు మాత్రం రోజూ తెల్లవారకముందే. ఇసక ట్రాకు మీద వాటిని పరిగెత్తిస్తారు. ఏ గుర్రం ఎంత దూరం ఎంతసేపట్లో వచ్చిందో ఈయన గడియారం నొక్కి రాసుకుని, పొద్దెక్కాక నాకు ఫోన్ చేసేవాడు. నేనాయన్ని అన్నా అనేదాన్ని. ఆయన నన్ను మేడం అనేవాడు.

మొదటి నెల నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పొద్దుట ఏ గుర్రం తక్కువ టైములో వస్తే దాన్నే మొదటి గుర్రంగా రాసేదాన్ని. లెక్కలు కదా మరి. అవి ఆదివారం వరుసగా ఓడిపోయేవి. పొద్దున పులి, మధ్యాహ్నం పిల్లి. చివరికి ఫోన్లో ఆయనే పాఠం చెప్పాడు.

"మేడం, ఒక్క టైమే జూస్తే ఎట్ల? మీద ఎవరు ఎక్కిన్రు, లోపలి ట్రాకా, బయటి ట్రాకా, కొట్టి తోలిన్రా, ఊకె పోనిచ్చిన్రా, గివన్ని జూడాలె. బయటి ట్రాక్ తిరిగి రావాలంటె ఎక్కువ దూరం. బరువున్న పిలగాడు ఎక్కితే టైము పెరుగుతది. ఆలస్యంగ వచ్చిన గుర్రమే మంచిదయి ఉండొచ్చు."

ఆ రోజునుంచి అంకెల పక్కన ఆయన చెప్పే చిన్న మాటల్ని పట్టుకున్నాను. 'సులువుగా వచ్చింది', 'ఒత్తిడి పెడితే గాని రాలేదు', 'జోడీగా పరిగెత్తాయి, రెండోది వెనక మొదలుపెట్టి సమానంగా ముగించింది'. ఈ ఆఖరి వాక్యం ఎంత గొప్పదో ఆలోచించండి. సమానంగా వచ్చాయంటే సమానమైనవి అనుకుంటాం. వెనక మొదలుపెట్టి సమానంగా వచ్చిందంటే అది ఎక్కువది. నాకు ఒళ్లు పులకరించేది. డిటెక్టివ్ కథ చదువుతున్నట్టుండేది. ఏడాది తిరిగేసరికి పొద్దుటి వార్త వింటుంటే, చూడని గుర్రాలు కళ్లముందు పరిగెత్తడం మొదలైంది. నా గుర్రాలు అడపాదడపా గెలవడమూ మొదలైంది.

అలాంటి రోజుల్లో జాలరిపేట నుంచి ఒకాయన ఆఫీసుకి వచ్చాడు. రెండు బోట్లున్న మనిషి. నల్లగా, గట్టిగా, తెల్లబనీను మీద తువ్వాలు. చేతిలో మా పేజీ.

"ఈ గుర్రాలు రాసే బాబుని కలాలి," అన్నాడు.

అటెండరు నావైపు చూపించాడు. ఆయన నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని వంగి చూశాడు.

"నేనేనండీ," అన్నాను.

"నువ్వేటమ్మా? ఆడకూతురివి. నాను మీసాలోడు ఎవడో రాత్తన్నాడనుకున్నాను." కాసేపు నన్ను ఎగాదిగా చూసి కుర్చీ లాక్కున్నాడు. "సరే, నువ్వే అయితే నువ్వే. మొన్న మూడో పందెంలో నువ్వు సెప్పిన గుర్రం ఎందుకోడిపోనాదో సెప్పు ముందర."

చెప్పాను. విన్నాడు. ఒప్పుకోలేదు. ఆ తర్వాత పదిపదిహేను రోజులకోసారి వచ్చి దెబ్బలాడి వెళ్లేవాడు. నా పేజీకి వచ్చిన ఉత్తరాల సంచి ఆయనే.

ఇక అసలు కథ.

పేజీ నాదయ్యాక నాలుగో చలికాలం రేసుల్లో ఒక నల్ల మగగుర్రం ఉన్నట్టుండి లేచిన గాలివానలాగా వచ్చింది. పరిగెత్తిన ప్రతిసారీ గెలిచింది. అదీ వెనక్కి తిరిగి చూసుకునేంత తేడాతో. సీజన్‌లో పెద్ద పందెం దగ్గర పడుతోంది. రెండువేల నాలుగువందల మీటర్లు, అంటే చాలా పొడుగు పరుగు. ఈ గుర్రం అంతవరకు గెలిచినవన్నీ పొట్టి పందేలు, మధ్యరకం పందేలు. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. పత్రికలన్నీ దానికి ముందే దండ వేసేశాయి. పెద్ద పందెంలో దానికి ఒకటో నెంబరు ఇచ్చారు కాబట్టి ఇక్కడా ఒకటో నెంబరే అంటాను.

పందేనికి రెండు వారాల ముందు, ఫోన్లో వస్తున్న వార్తల్లో ఏదో తేడా కనిపించింది. ఒకటో నెంబరు టైములు అద్భుతంగా ఉన్నాయి. కాని అన్నీ ఆరువందల మీటర్లవే. ఇంతకుముందు దీన్ని ఇంకో గుర్రంతో జోడీగా పరిగెత్తించేవారు, ఇప్పుడు ఒంటరిగా పరిగెత్తిస్తున్నారు. పొడుగు పందేనికి వెళ్లే గుర్రానికి పొడుగు పరుగు ఒక్కటీ ఇవ్వడం లేదు. ఏడో నెంబరని ఒక ఎర్ర ఆడగుర్రం ఉంది. దానికి మాత్రం రోజు మార్చి రోజు పెద్ద చుట్లు. టైములు చూస్తే నత్తనడక. పక్కన 'బయటి ట్రాకు, సులువుగా' అనే మాట.

"అన్నా, ఒకటో నెంబరుకి పొడుగు పరుగు ఎందుకివ్వడం లేదు?" అని అడిగాను.

"దానికెందుకు మేడం? గాలి లెక్క పోతుంటే. గా ట్రైనరు తెలివైనోడు, గుర్రాన్ని అలవనిస్తలేడు."

సరైన జవాబే. కాని నాకు నిద్రపట్టలేదు. ఆ గుర్రాన్ని ఒక్కసారి కళ్లతో చూడాలనిపించింది. ఇన్నేళ్లూ గొంతు విని రాయడమే గాని, పొద్దుటి పరుగు ఒక్కసారీ చూడలేదు. న్యూస్ ఎడిటర్ దగ్గరికి వెళ్లి రెండు రోజులు హైదరాబాద్ పంపమన్నాను. ఆయన తాంబూలం ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చుకున్నాడు.

"చూడమ్మాయ్, నీకో మాట చెప్పాలనే అనుకుంటున్నాను. కొత్త మేనేజరు ఆ పేజీ తీసేసి వారఫలాలు పెడదామంటున్నాడు. సీజన్ అయ్యేదాకా ఆగమన్నాను. పెద్ద పందెం నువ్వు సరిగ్గా రాస్తే పేజీ ఉంటుంది. లేకపోతే రాశులూ నక్షత్రాలూ దిద్దుకోవాలి. వెళ్లిరా."

వెళ్లాను. రైలు దిగి, స్టేషన్లోనే మొహం కడుక్కుని ఆటో ఎక్కాను. అప్పటికింకా చీకటి విడలేదు. రిపోర్టరన్న నన్ను పెద్ద గేటు దగ్గర, గ్యాలరీ కింద కలుస్తానన్నాడు. ఆటో అబ్బాయి నన్ను తీసుకెళ్లి గుర్రపు సాలల వైపు గేటు దగ్గర దింపాడు. కాపలావాడు నా ప్రెస్ కార్డు చూసి లోపలికి పొమ్మన్నాడు. పొగమంచు. దాంట్లో కాసేపు నడిచాక తెల్లటి కమ్మీ ఒకటి చేతికి తగిలింది. అదే ట్రాకు అనుకుని అక్కడే నిలబడ్డాను.

నిలబడకూడని చోట నిలబడ్డానని వెలుతురొచ్చాక గాని తెలియలేదు. గ్యాలరీ ఎక్కడో దూరాన ఉంది. గుర్రాలు ముగింపు గీత దాటేది దాని ముందు. నేనున్నది గీత దాటి చాలా ఇవతల, గుర్రాలు వేగం తగ్గించి వెనక్కి తిరిగే మూల. పరుగు చూద్దామని వచ్చి పరుగు ఆగిపోయే చోట నిలబడ్డాను. నడిచి వెళ్దామంటే అప్పటికే గుర్రాలు వచ్చేస్తున్నాయి.

ముందు నేలలో ఒక దడ వినిపించింది. పాదాల్లోంచి పైకి పాకింది. ఆ తర్వాత మంచులోంచి గుర్రం ఊడిపడింది. ఇన్నేళ్లు అంకెలుగా రాసుకున్నది ఇదా అనిపించింది. మెడ చాచి, చెవులు వెనక్కి వేసి, ఇసక ఎగజిమ్ముకుంటూ గీత దాటింది. అదే సమయంలో దూరాన గ్యాలరీలో ఒక వింత కనిపించింది. వరసగా నిలబడ్డ ట్రాక్ రిపోర్టర్లందరూ ఒక్కసారిగా తలలు వంచారు. బొమ్మల కొలువులో బొమ్మలన్నీ కలిసి దణ్ణం పెట్టినట్టు. గుర్రం గీత దాటగానే గడియారం నొక్కి, టైము చూసుకుంటున్నారు. ఇంకో గుర్రం వచ్చింది. మళ్లీ తలలు వంగాయి. గీత దాటిన తర్వాత గుర్రం ఏమవుతోందో వాళ్లలో ఒక్కరూ చూడటం లేదు. నా చేతిలో గడియారం లేదు. నేను గుర్రాన్నే చూస్తున్నాను.

ఎర్ర ఆడగుర్రం వచ్చింది, అదే ఏడో నెంబరు; జీను కింది గుడ్డ మీద పేరు చూసి గుర్తుపట్టాను. గీత దాటి, ఆగాలని ఎవరూ చెప్పనట్టు ఇంకా చాలా దూరం అలాగే సాగి, నెమ్మదిగా నడకలోకి వచ్చింది. నా ముందు నుంచి వెళ్తూ బుర్రుమని ముక్కు చీది, నా చీర కొంగువైపు కుతూహలంగా చూసింది. రొప్పడం లేదు.

ఆ తర్వాత నల్ల గుర్రం. అది వచ్చేటప్పుడు మాత్రం నేను అన్ని అనుమానాలూ మరిచిపోయాను. అంత అందమైన పరుగు నేను మళ్లీ చూడలేదు. గాలి లెక్క అన్నాడే, నిజంగా గాలే. గ్యాలరీలో తలలు వంగాయి. ఎవరో చప్పట్లు కొట్టారు కూడా. అప్పుడు దాని మీదున్న మనిషి కళ్లాలు గట్టిగా బిగించి, కొద్ది దూరంలోనే ఆపేశాడు. గుర్రం తల పైకెత్తి ఆగింది. తిరిగి, నేనున్న కమ్మీ పక్కనుంచే నడుచుకుంటూ వచ్చింది.

దాని ఊపిరి వినిపించింది.

విశాఖ వచ్చిన కొత్తలో మేం పాత పోస్టాఫీసు దగ్గర అద్దెకుండేవాళ్లం. పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి కిటికీ చువ్వల మీద రోజూ పేరుకునేది. మావారికి చలికాలం పిల్లికూతలు మొదలయ్యేవి. ఊపిరి పీల్చినప్పుడల్లా ఛాతీలో సన్నగా, గీరినట్టు ఈల. ఆ చప్పుడు భరించలేకే సీతమ్మధారకి మారాం. ఎన్ని రాత్రులు విన్నానో, ఆ చప్పుడు నాకు ఎక్కడున్నా తెలుస్తుంది. ఇప్పుడది ఆ గుర్రం ఛాతీలోంచి వస్తోంది. పీల్చినప్పుడల్లా ఈల. ఆరువందల మీటర్లకే.

ఒక్కదాన్నే కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాను. గుర్రం వెళ్లిపోయింది.

కాసేపటికి కుంటుకుంటూ రిపోర్టరన్న నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. బక్కపల్చటి మనిషి, మంకీ క్యాప్. గొంతు విని ఆజానుబాహువు అనుకునేదాన్ని.

"ఇక్కడున్నరా మేడం? నేను గేటు కాడ చూస్తున్న. అయ్యో, మంచి పరుగు మీకు కనబడలే."

"అన్నా, ఒకటో నెంబరు పిల్లికూతలు కూస్తోంది."

ఆయనకి అర్థం కాలేదు. నేను ఊపిరి పీల్చి అనుకరించి చూపించాను. నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి సీరియస్‌గా అన్నాడు.

"మేడం, పరిగెత్తొచ్చిన గుర్రం ఊపిరి గట్టిగనే తీస్తది. నేను వాటి మీద కూసున్నోణ్ని. గిట్ల చప్పుడు చేసేటివి గెలిచినయి కూడ. గదానికే ఒకటో నెంబరును కొట్టేస్తరా?"

ఆయన మాట కొట్టిపారేసేది కాదు. నేను మొదటిసారి గుర్రప్పరుగు చూసినదాన్ని. ఆయన జీవితమంతా అక్కడే గడిపినవాడు. రైల్లో తిరిగొస్తూ దారంతా నాతో నేనే దెబ్బలాడుకున్నాను. ఒక్క చప్పుడు మీద పేజీ భవిష్యత్తు పెట్టవచ్చా? కాని చప్పుడు ఒక్కటే కాదు. పొట్టి పరుగులు, ఒంటరి పరుగులు, గీత దాటగానే బిగించి ఆపడం, అన్నీ కలిపి చూస్తే ఆ ట్రైనరు కూడా ఏదో తెలిసే దాస్తున్నాడనిపించింది. కలిపి చూడటమే కదా నా పని.

శనివారం న్యూస్ ఎడిటర్ నా కాపీ చదివి కళ్లజోడు తీశాడు.

"ఏడో నెంబరు మొదటా? ఒకటి రెండోదా? ఊరంతా ఒకవైపు, నువ్వొకవైపు."

ఊపిరి సంగతి చెప్పాను.

"మరి అది రాయలేదేం?"

"రుజువు లేదండీ. ఒకరి గుర్రానికి రోగముందని ఎలా రాస్తాం? పొడుగు పరుగు ఇవ్వలేదన్నది మాత్రం నిజం. అది రాశాను."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. ఒక్క అక్షరం మార్చకుండా కంపోజింగ్‌కి పంపించాడు. సాయంత్రం హైదరాబాద్ నుంచి ఫోను.

"పేజీ ఎల్లిపోయిందా మేడం? టైముంటే మార్చుకోండ్రి. మీ మంచికే చెప్తున్న."

"వెళ్లిపోయిందన్నా," అన్నాను. నిజానికి ఇంకా గంట టైముంది.

ఆదివారం పొద్దున్నే బోటాయన మా ఇంటికే వచ్చేశాడు. ఇల్లెలా తెలిసిందో తెలియదు.

"ఏటమ్మా ఇది? మా పేటంతా ఒకటో నెంబరు మీదుంటే, నువ్వు ఏడంతావేటి? కుర్రోళ్లు నన్ను నిలదీత్తన్నారు, మీ మేడమ్మకి మతి పోయిందేటి అని."

"మీకు ఏది బాగుందనిపిస్తే అదే కాయండి. నేను రాసిందే గెలుస్తుందని రాసివ్వలేను."

"నువ్వు పందేల ఆలుకి రా. ఆడ నా పక్కన నిలబడు. ఓడిపోతే ఇద్దరం కలిసి తిట్లు తిందుం."

నేను ఆ హాల్లో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. మావారు షిఫ్టు దిగి వచ్చి, నేనూ వస్తాను పద అన్నారు. వెళ్లేసరికి గోడౌన్ కిటకిటలాడుతోంది. బీడీ పొగ, చెమట, సముద్రపు ఉప్పువాసన. ఆడదాన్ని నేనొక్కదాన్నే. దారి ఇచ్చారు గాని చూపులు మాత్రం పేజీ మీంచి నా మీదికి, నా మీంచి పేజీ మీదికి తిరుగుతున్నాయి. కలం పేరు గుట్టు అప్పటికే బోటాయన విప్పేశాడు. మావారు నా హ్యాండ్‌బ్యాగు గుండెలకి హత్తుకుని గోడకి ఆనుకున్నారు.

గుర్రాలు బయలుదేరాయి. నల్ల గుర్రం మొదటి అడుగునుంచే ముందుంది. హాలంతా గోల. ఎదుటి వైపుకి తిరిగేసరికి టీవీలో బొమ్మ వణికింది. ఒకసారి మెలికలు తిరిగి, తెల్లటి చుక్కలైపోయింది.

హాలంతా ఒక్కసారి గుప్పున లేచింది. కౌంటరతను బల్ల ఎక్కి టీవీని చరిచాడు. లాభం లేదు. ఇంగ్లీషు వ్యాఖ్యానం మాత్రం గరగరమంటూ వస్తోంది.

"ఏటంతన్నాడు? ఏటంతన్నాడు?" అని నలువైపులా అరుపులు.

"అందరూ నోరుముయ్యండి," అన్నాడు బోటాయన. ఆ గొంతు అలల మీద అరవడానికి అలవాటుపడ్డ గొంతు. హాలు నిజంగానే ఆగింది. ఆయన నావైపు తిరిగాడు. "మేడమ్మా, బల్లెక్కు. ఇని సెప్పు."

ఎలా ఎక్కానో తెలియదు. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని బల్లమీద నిలబడి, చెవి టీవీ వైపు పెట్టి మొదలుపెట్టాను.

"ఒకటే ముందుంది. మూడు గుర్రాల పొడుగు తేడా. రెండోది నాలుగో నెంబరు. ఏడు... ఏడు వెనకాల ఉంది. ఆఖరి నుంచి మూడోది."

ఈలలు, కేకలు. ఎవరో నా పేజీని ఉండచుట్టి విసిరారు, అది నా భుజానికి తగిలింది.

"ఒకటే ముందు. ఇంకా మూడు గుర్రాల తేడా. మలుపులోకి వస్తున్నాయి. ఏడు బయటివైపు నుంచి కదిలింది. ఐదోది. నాలుగోది."

నా గొంతు నాకే వినిపించడం లేదు. వ్యాఖ్యాత ఒక్క క్షణం ఆగి, ఆశ్చర్యంగా ఏదో అన్నాడు. దాన్ని గబగబా తెలుగులోకి మార్చాను.

"ఒకటి మీద కొరడా తీశాడు. జాకీ కొరడా తీశాడు. ఒకటి కదలడం లేదు. నాలుగు దాని పక్కకొచ్చింది. నాలుగు దాటేసింది. ఒకటి వెనకబడుతోంది. ఏడు మూడోది. ఏడు రెండోది. నాలుగు, ఏడు. నాలుగు, ఏడు. ఏడు అందుకుంది. రెండూ కలిసే..."

గీత దాటేశాయి. ఎవరు గెలిచారో వ్యాఖ్యాతకీ తెలియలేదు. "గీత దగ్గర తీసిన ఫోటో చూడాలంటున్నారు," అన్నాను. ఎవరూ కదల్లేదు. అంతమంది మగవాళ్లు అంత నిశ్శబ్దంగా ఉండగలరని నాకా రోజే తెలిసింది. పోర్టులో ఏదో ఓడ కూత పెట్టింది.

టీవీ గరగరమంది. నెంబరు చదివారు.

"ఏడు," అన్నాను. అంతే అనగలిగాను.

హాలు పేలిపోయింది. ఏడు మీద కాసినవాళ్లు ఎంతమందో నాకు తెలియదు, చాలా కొద్దిమందే అయి ఉంటారు. అయినా అందరూ అరిచారు. ఓడినవాళ్లు కూడా అరిచారు. ఒక పందేన్ని కళ్లతో కాకుండా చెవులతో చూసినందుకేమో. బోటాయన నన్ను బల్ల మీంచి దిగడానికి చెయ్యి అందించాడు.

"నువ్వేటి కాసేవు బాబాయ్?" అన్నాను, ఆయన భాషలోనే.

"ఒకటి మీదే," అన్నాడు తలొంచుకుని. "నిన్ను నమ్మనేదు తల్లీ. పర్నేదు, అరుపులు బాగున్నాయి."

నల్ల గుర్రం ఐదోదిగా వచ్చింది. వారం తిరక్కముందే డాక్టర్లు దాని గొంతులో ఊపిరి దారి సగం మూసుకుపోతోందని తేల్చారని వార్త వచ్చింది. ఆపరేషన్ చేశారు. తర్వాతి ఏడు పొట్టి పందేలు రెండు గెలిచింది. ఆ వార్త నేను పెద్ద హెడ్డింగుతో పెట్టాను. దాని మీద నాకేం కోపం. అంత అందంగా పరిగెత్తే ప్రాణి.

పేజీ నిలిచింది. వారఫలాలు వేరే చోట సర్దుకున్నాయి. న్యూస్ ఎడిటర్ నన్ను పిలిచి మెచ్చుకుంటాడని ఎదురుచూశాను. ఆయన నా బల్ల మీద ఒక తాంబూలం పెట్టి వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దుట ఫోన్ మోగింది. రిపోర్టరన్న పందెం మాటే ఎత్తలేదు. మామూలుగానే గుర్రాలు, టైములు చెప్పుకుపోయాడు. అంతా అయ్యాక ఆగి అన్నాడు.

"మేడం, ఇయ్యాల్టి సంది ఇద్దరం నిలబడుతున్నం. నేను గీత కాడ. మా తమ్మున్ని మీరు నిలబడ్డ మూలకు తోలిన. ఆడు చెప్పేటివి గూడ రాసుకోండ్రి."

ఆ తర్వాత చాలాకాలం మా పేజీలో అంకెల పక్కన ఇంకెవరి పేజీలోనూ లేని మాటలు వచ్చేవి. 'ఆగినాక ఊపిరి తేలిక', 'ఆగడానికి ఇష్టపడలేదు', 'నడకలో నీరసం'. విజయవాడ నుంచి కూడా పాఠకులు ఉత్తరాలు రాశారు. నేను కాస్త పొంగిపోయాననే చెప్పాలి. మావారు ఇంట్లో నన్ను గుర్రాల డాక్టరమ్మ అనడం మొదలుపెట్టారు.

కాని ఒక ఆదివారం ఆ పొంగంతా దిగిపోయింది. ఆ రోజు నేను రాసిన గుర్రాల్లో ఒక్కటంటే ఒక్కటీ గెలవలేదు. అన్నీ చక్కగా ఊపిరి తీసేవే. మర్నాడు బోటాయన ఆఫీసుకి వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, పేజీ నా బల్ల మీద పరిచాడు. ఈసారి నేను చెప్పిన గుర్రాల మీదే కాశాడట, ఒక్కటీ విడవకుండా.

"ఏటమ్మా," అన్నాడు, "ఊపిర్లన్నీ ఇన్నావు సరే. కాళ్లు సూడనేదేటి?"

డెస్కంతా నవ్వింది. నేనూ నవ్వాను. మర్నాడు పొద్దుట హైదరాబాద్ ఫోను రాగానే, టైములు రాసుకోవడం కంటే ముందు నేను అడిగింది కాళ్ల సంగతే.